ఎండిన బోరు పలికిన మధ్యాహ్నం

మొదటిసారి హ్యాకథాన్‌కి వెళ్ళే పిల్లలు ఏటా నా దగ్గరికి వస్తారు. నరసరావుపేటలో పాఠాలు చెప్పుకునే నాకు ఆ పోటీల్లో పెద్ద పేరేమీ లేదు. మా డిపార్ట్‌మెంటులో చదువుకునే రోజుల్లో అలాంటి దానికి వెళ్ళివచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి వస్తారు. "మేడమ్, ఫస్ట్ టైమ్ వెళ్తున్నాం, ఏమన్నా చెప్పండి" అంటారు. తోచినవి చెబుతాను. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీ సొంతది తీసుకెళ్ళండి, అక్కడ సగం గొడవలు ప్లగ్గుల దగ్గరే అవుతాయి. కొండంత పని నెత్తికెత్తుకోకుండా చిన్నది పట్టుకుని అది పనిచేసేలా చూడండి. కాసేపైనా పడుకోండి. చూపించేటప్పుడు ఒక్కరే మాట్లాడండి, మిగతావాళ్ళు మధ్యలో అందుకోవద్దు. వాళ్ళు తలూపి వెళ్ళిపోతారు.

మొన్న ఒక అమ్మాయికి ఇంకో మాట కూడా చెప్పాను. "మీరు చేసిన వస్తువును ఎవరి దగ్గర పెడుతున్నారో, ముందు ఆ మనిషి దగ్గర ఒక పూట ఊరికే కూర్చోండి. ఏమీ అడక్కుండా." ఆ అమ్మాయి వెళ్ళకుండా నిలబడి, "ఎందుకు మేడమ్?" అంది. ఆ పూట క్లాసులేమీ లేవు. కూర్చోమని చెప్పి, ఇదంతా చెప్పాను.

అప్పుడు నేను ఇంజినీరింగ్ మూడో ఏడు. మాది రొంపిచెర్ల, రోజూ బస్సులో కాలేజీకి వచ్చిపోయేదాన్ని. నాతో జట్టు కట్టినవాళ్ళు ఇద్దరు. ఒకామెది మాచర్ల. కోడ్ రాయడంలో మా క్లాసులో ఆమెను మించినవాళ్ళు లేరు, నోరు కూడా అంతే చురుకు. రెండో ఆమెది బొల్లాపల్లి అవతల ఒక పల్లె. హాస్టల్లో ఉండేది. మేం ఇద్దరం వాదించుకుంటుంటే వింటూ కూర్చుని, అంతా అయ్యాక ఒక్క మాట అనేది. ఆ మాటే చివరికి నిలిచేది.

హ్యాకథాన్ అంటే ఏమిటో ముగ్గురికీ అంతంతమాత్రమే తెలుసు. రెండు రోజులు ఒక హాల్లో కూర్చుని, ఇచ్చిన సమస్యకు పనికొచ్చే యంత్రమో యాప్‌నో తయారుచేసి, చివర్లో జడ్జిల ముందు చూపించాలి. ఆ ఏడు ఇచ్చిన అంశం సాగునీరు.

"బోరులో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో చప్పుడుతో చెప్పొచ్చే" అంది మాచర్ల అమ్మాయి. పైనుంచి టక్‌మని ఒక చప్పుడు వదిలితే అది కిందికిపోయి, నీటికి తగిలి తిరిగి వస్తుంది. ఎంతసేపటికి వచ్చిందో చూస్తే లోతు తెలిసిపోతుంది. దానికి చిన్న మైకు, చిన్న స్పీకరు, ఒక పాత ఫోను చాలు.

పరీక్షించడానికి బోరు కావాలి. నడిచే బోర్లలో మోటారూ పైపులూ ఉంటాయి, మైకు దించడానికి సందు ఉండదు. అప్పుడు బొల్లాపల్లి అమ్మాయి అంది, "మా బాబాయి చేలో ఎండిపోయిన బోరు ఉంది. మోటారు ఎప్పుడో అమ్మేశారు. ఖాళీగానే ఉంటది. నీళ్ళు లేకపోయినా అడుగు తగిలి చప్పుడు తిరిగొస్తది." "బాబాయి ఒప్పుకోవాలి గాని" అని కూడా అంది. ఎందుకు ఒప్పుకోడో మేం అడగలేదు.

పోటీకి ముందటి ఆదివారం వినుకొండ దాకా బస్సులో, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్ళాం. పత్తి గింజలు పెట్టి వాన కోసం చూస్తున్న రోజులు. దారి పొడుగునా ఎర్రనేల, అక్కడక్కడా రెండాకుల మొలకలు. దూరంగా నల్లమల కొండల మీద మబ్బు ఉంది గాని ఇటువైపు కదలడం లేదు.

బాబాయి సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. నెమ్మదిగా మాట్లాడతాడు. బోరు ఒకసారి వాడుకుంటామంటే సరేనన్నాడు. పిన్ని మాకు మజ్జిగ ఇచ్చి, బోరు సంగతి వినగానే ఆయన వంక ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది. మేం చేలోకి బయల్దేరేటప్పుడు మాత్రం నా పక్కకి వచ్చి, "ఆడ చానాసేపు ఉండబాకండమ్మా" అంది. పాములేమైనా ఉన్నాయా అని అడిగాను. "పాములు లేవు, ఏం లేవు. ఉండబాకండి అంతే" అంది.

బోరు చేను చివర ఉంది. మోకాలెత్తు కేసింగు పైపు నేలలోంచి లేచి ఉంది. దాని మూతికి యూరియా గోతం కప్పి తాడుతో కట్టారు. మేం దగ్గరికి వచ్చేసరికి ఆ గోతం పైకి ఉబ్బి ఉంది. లోపలినుంచి ఎవరో ఊదుతున్నట్టు బిగుసుకుని ఉంది. గాలి లేదు. పక్కనున్న గడ్డిపోచ కూడా కదలడం లేదు. నేను చూస్తుండగానే అది మెల్లగా సడలి, ముడతలు పడి, మళ్ళీ ఉబ్బింది.

"ఏందిది?" అంది మాచర్ల అమ్మాయి. ఆమె గొంతు అంత చిన్నగా రావడం నేను అదే మొదటిసారి వినడం.

"ఊపిరి తీస్తది" అన్నాడు బాబాయి. "పొద్దున లోపలికి పీలుస్తది. మాపిటేల వదుల్తది. మబ్బు పట్టిందంటే ఇట్టా ఊదుతానే ఉంటది." ఇంట్లో గేదె గురించి చెప్పినట్టే చెప్పాడు. తాడు ముడి ఆయనే విప్పాడు. గోతం తీయగానే చల్లటి గాలి మా మొహాలకు తగిలింది. తడిమట్టి వాసన లేదు. చానాకాలం మూసి ఉంచిన గది వాసన.

మైకూ స్పీకరూ కలిపి కట్టి, పొడుగు వైరుతో లోపలికి దించాం. పాత ఫోన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, మోటారు పోయినా ఇంకా అక్కడే ఉన్న స్టార్టరు డబ్బాలో పెట్టి, అక్కడి కరెంటుకే కలిపాం. లోపలి చప్పుళ్ళు ఆ ఫోనులోంచి ఇంటర్నెట్ మీద మా ల్యాప్‌టాప్‌కి వస్తాయి. ఆ రోజు వినడం వరకే పనిచేసేలా పెట్టాం. టక్‌మనే చప్పుడుకి ఇంకా కోడ్ రాయాల్సి ఉంది.

"ఇది ఏం చేస్తదమ్మా?" అని బాబాయి అడిగాడు.

"లోపల ఏముందో వింటది బాబాయ్" అంది మాచర్ల అమ్మాయి.

"వింటదా" అన్నాడాయన. అప్పటిదాకా మామూలుగా వదులుతున్న వైరును ఆ తర్వాత రెండు చేతులతో పట్టుకుని, చంటిబిడ్డను ఉయ్యాల్లో దించినట్టు దించాడు.

పోటీ మా కాలేజీకి దగ్గర్లోని ఇంకో కాలేజీ సెమినార్ హాల్లో జరిగింది. ఏసీ చలి, బల్లల కింద వైర్లు, పులిహోర పొట్లాలు, ఎవరికివాళ్ళు తెరల్లో తలలు పెట్టిన జట్లు. మొదటి రోజంతా మైకు నుంచి వచ్చే రీడింగులు మాకు అర్థం కాలేదు. తెర మీద గీత మెల్లగా పైకి లేచి, మెల్లగా కిందికి దిగుతోంది. ఆస్పత్రిలో మంచం పక్కన చూసే గీతలాగా ఉంది. సలహాలివ్వడానికి బల్లల మధ్య తిరిగే మెంటర్లలో హైదరాబాదు నుంచి వచ్చిన ఒకావిడ ఉన్నారు. ఆవిడ కాసేపు చూసి నవ్వారు. "భయపడకండి. లోతైన బోర్లు ఊపిరి తీస్తాయి. బయట గాలి ఒత్తిడి తగ్గితే లోపలి గాలి పైకి వస్తుంది, పెరిగితే లోపలికి పోతుంది. వాతావరణం, అంతే" అన్నారు. మాకు ప్రాణం లేచొచ్చింది. కారణం తెలిస్తే భయం పోతుందనుకునే వయసు మాది.

రెండో రోజు మధ్యాహ్నానికి మాచర్ల అమ్మాయి కోడ్ పూర్తిచేసింది. ఇక మేం హాల్లో కూర్చునే, అక్కడ బోరులో ఉన్న స్పీకరుతో టక్‌మనిపించవచ్చు. కాసేపటికొకసారి దానంతటదే చప్పుడు చేసేలా పెట్టి, వాళ్ళిద్దరూ తినడానికి వెళ్ళారు. నేను ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటూ కూర్చున్నాను.

శంఖం చెవికి ఆనించుకుంటే వచ్చే హోరు. ఎక్కడో పైన, చాలా పైన ఒక కాకి. టక్. మళ్ళీ హోరు. తర్వాత మెత్తగా, నేలలోంచి వచ్చినట్టు అడుగుల చప్పుడు. దగ్గరికి వచ్చి ఆగింది. గోతం కదిలిన చప్పుడు. ఎవరో దగ్గారు.

"ఉన్నావామ్మా?" అంది ఒక గొంతు.

హాల్లో నా పక్కనే ఎవరో అడిగారనుకుని చెవుల్లోంచి తీసి చూశాను. ఎవరూ లేరు. మళ్ళీ పెట్టుకున్నాను.

"నిన్న రాలేకపోయా. పేటకి పోయా, పురుగుమందు కోసం. నువ్వేమన్నా కోపంగా ఉన్నావా?"

బాబాయి గొంతు. ఆయన బోరు మీదికి వంగి మాట్లాడుతున్నాడు. ఆ మాటలు మైకు ఉన్నచోటికి, అంటే నేలలోపలికి, అంటే నా దగ్గరికి వస్తున్నాయి. ఏసీ హాల్లో కుర్చీ మీద కూర్చున్నదాన్ని నాకు ఉన్నట్టుండి తల మీద ఎర్రమట్టి ఉన్నట్టనిపించింది. పైన జానెడు వెడల్పు వెలుతురు, అందులో ఒక మొహం. ఆయన మాట్లాడుతున్నది నాతోనే అనిపించింది.

"ఎంత దూరంలో ఉన్నావు? దగ్గరికొచ్చావా?"

టక్, అంది మా స్పీకరు.

పైన మాట ఆగిపోయింది. ఊపిరి మాత్రం వినిపిస్తోంది. అది బోరుదో ఆయనదో తెలియడం లేదు.

"అట్టా రా" అన్నాడు చివరికి. "రా తల్లీ. నిదానంగానే రా. నేను యాడికీ పోను."

తినడానికి వెళ్ళిన ఇద్దరూ చేతులు తుడుచుకుంటూ వచ్చారు. ఇయర్‌ఫోన్లు తీసి బొల్లాపల్లి అమ్మాయికి ఇచ్చాను. ఆమె కూర్చోకుండానే వింది. మాచర్ల అమ్మాయి తెర వైపు చూసింది. గొంతు గీత, ఖాళీ, టక్ గీత, మళ్ళీ గొంతు గీత. ఆ వరస రెండుసార్లు చూశాక ఆమెకు అర్థమైంది.

"ఏమే" అంది నా చేయి పట్టుకుని. "ఈయన మన టక్ కోసం ఆగుతున్నాడే. అడిగి, ఆగుతున్నాడు."

"ఆపు" అంది బొల్లాపల్లి అమ్మాయి.

"ఆపితే రీడింగులు..."

"ఆపవే."

ఆపింది. ముగ్గురం ల్యాప్‌టాప్ స్పీకర్లోనే, చిన్న గొంతులో పెట్టుకుని విన్నాం. బాబాయి ఇంకేదో అడిగాడు. ఆగాడు. హోరు. ఇంకోసారి అడిగాడు. "ఏందమ్మా, పలకవేం? నేనేమన్నా అన్నానా?" మళ్ళీ హోరు. పక్క బల్ల దగ్గర కుర్రాళ్ళు ఏదో పనిచేసిందని చప్పట్లు కొడుతున్నారు.

బొల్లాపల్లి అమ్మాయి తన ఫోన్ తీసి బాబాయికి చేసింది. ఇక్కడ రింగు వినిపించింది. కాస్త ఆలస్యంగా ల్యాప్‌టాప్‌లో, బోరు లోపలినుంచి, ఆయన జేబులో మోగుతున్న రింగు వినిపించింది.

"బాబాయ్, నేను."

"చెప్పమ్మా" అన్నాడు ఫోనులో. కాసేపటికి, "చెప్పమ్మా" అంది బోరు. రెండోసారి వచ్చిన ఆ మాట లోతుగా, తడిగా ఉంది. ఆయన గొంతే, కానీ ఆయన కంటే చాలా పెద్దవయసు మనిషి గొంతులా ఉంది.

"ఆ టక్ టక్ మేం పెట్టింది బాబాయ్. మైకు పక్కన చిన్న స్పీకరు ఉందిగా, అది. ఈ మధ్యాహ్నమే పెట్టాం. లోతు కొలవడానికి. నీళ్ళు పైకొస్తున్న చప్పుడు కాదు అది."

ల్యాప్‌టాప్‌లో గాలి లేచి దిగింది.

"అట్టనా" అన్నాడు. తర్వాత, "అన్నం తిన్నారా మీరు?" అని అడిగాడు. అట్టనా, అని బోరు కూడా అంది. అన్నం తిన్నారా, అంది.

మాచర్ల అమ్మాయి ల్యాప్‌టాప్ మూసేసింది.

బొల్లాపల్లి అమ్మాయి వెంటనే పిన్నికి కూడా ఫోన్ చేసింది. ఆయన చేలో ఒక్కడే ఉన్నాడని, వెళ్ళి చూడమని, ఆయన బోరుతో మాట్లాడుతున్నాడని చెప్పింది. పిన్ని తొణకలేదు.

"నాకు తెలుసుగా అమ్మాయ్. రోజూ పోతాడు. మోటారు పీకించినకాడ్నించీ పోతానే ఉన్నాడు. ఇంట్లో రెండు మాటలు మాట్లాడడు, ఆడికిపోయి గంటలు గంటలు మాట్లాడతాడు." మళ్ళీ తనే అడిగింది. "నా గురించి ఏమన్నా అన్నాడా?"

"లేదు పిన్నీ."

"సరే. పోతున్నాలే, తీసుకొస్తా" అంది.

సాయంత్రం జడ్జిల ముందు మేం నిలబడ్డాం. నేనే మాట్లాడాను. నీళ్ళు నింపిన బకెట్టులో పొడుగు పైపు నిలబెట్టి, లోతు కొలిచి చూపించాం. అది సరిగ్గానే చెప్పింది. నిజమైన బోరులో పెట్టి చూశారా అని అడిగారు. చూశామని చెప్పి బోరు ఊపిరి వినిపించాం, మనిషి గొంతు లేని ముక్క. వెనక వరసలో ఎవరో నవ్వబోయి మానుకున్నారు. మెంటరు గారు కూడా ఈసారి నవ్వలేదు. బహుమతి వేరే జట్టుకి వెళ్ళింది. మాకు పాల్గొన్నట్టు కాగితాలు ఇచ్చారు.

మర్నాడు మైకు తెచ్చుకోవడానికి మళ్ళీ వెళ్ళాం. రాత్రి అక్కడ వాన పడింది. చెప్పులకు ఎర్రమట్టి ముద్దలు ముద్దలుగా అంటుకుంటోంది. బాబాయి మా కోసం బోరు దగ్గరే కూర్చుని ఉన్నాడు. మనిషి మామూలుగానే ఉన్నాడు, పలకరించాడు, వైరు తానే పైకి లాగి, మట్టి తుడిచి ఇచ్చాడు. లోపల నీళ్ళు లేవని, అడుగున బండే తగులుతోందని బొల్లాపల్లి అమ్మాయి మెల్లగా చెప్పింది. ఆయన వాదించలేదు. తెలుసన్నట్టు తలూపాడు.

తర్వాత నా వైపు తిరిగాడు. "ఆ టక్ అన్నది ఒక్కసారి నాకు వినిపిస్తావా అమ్మా?"

ఫోనులో పెట్టి వినిపించాను. ఆయన తల వంచి, కళ్ళు మూసుకుని విన్నాడు. ఇంకోసారి పెట్టమన్నాడు. పెట్టాను.

"నిన్న విన్నది ఇదే" అన్నాడు. కాసేపు ఏదో గుర్తు చేసుకున్నాడు. "ఇన్నాళ్ళూ విన్నది ఇది కాదు. అది వేరే."

మైకు సంచిలో పెట్టుకుని బయల్దేరాం.

తిరిగివచ్చేటప్పుడు వినుకొండలో బస్సు ఎక్కగానే మాచర్ల అమ్మాయి ల్యాప్‌టాప్ తెరిచింది. మైకు దించిన ఆదివారం నుంచీ రికార్డయినవన్నీ అందులో ఉన్నాయి. వాటిలో చాలామటుకు మా స్పీకరు ఇంకా చప్పుడు చేయని రోజులవి. ఆమె వెతికి, ఒకచోట ఆగి, ఇయర్‌ఫోన్ ఒకటి తన చెవిలో, ఒకటి నా చెవిలో పెట్టింది. బాబాయి గొంతు. ఏదో అడిగాడు. ఆగాడు. ఎక్కడో చాలా కింద, సన్నగా, ఒక దెబ్బ. తర్వాత ఇంకో మాట, ఇంకో దెబ్బ.

నేను ఇయర్‌ఫోన్ పీకేశాను. ఆమె మాత్రం పెదవి కొరుకుతూ ఆ ముక్కనే తిప్పితిప్పి విని, ఒక్కసారిగా వెనక్కి ఆనుకుంది.

"రాళ్ళే" అంది. "ఆయన పైపు మీద చేతులానించి వంగుతాడు సూడు, అప్పుడు పైపు కదిలి పక్కలనుంచి గులకరాళ్ళు రాలుతున్నయి. కింద బండకి తగిలి చప్పుడొస్తంది. అందుకే ఆయన అడిగినప్పుడే పలుకుద్ది. లేనప్పుడు పలకదు. ఇదుగో, ఆయన లేనప్పుడు ఒక్కటి కూడా లేదు."

బొల్లాపల్లి అమ్మాయి కిటికీలోంచి చూస్తూ, "ఆ సంగతి బాబాయికి చెప్పను" అంది. మేం చెప్పమని అనలేదు.

మాచర్ల అమ్మాయి చెప్పిన కారణం సరైనదేనని నాకు ఇప్పటికీ నమ్మకం. ఎవరైనా అడిగితే అదే చెబుతాను. కానీ ఒక మనిషి అడిగినప్పుడల్లా, సరిగ్గా ఆయన ఆగినచోట, నేల లోపలినుంచి జవాబు వచ్చిందన్నది కూడా నిజమే. కారణం తెలిశాక కూడా నా భయం తగ్గలేదు. పేరున్న భయంగా మారింది, అంతే.

మరుసటి ఏడు పంచాయతీవాళ్ళు ఊరూరా తిరిగి, తెరిచి ఉన్న బోర్లన్నీ మూయించమన్నారు. బాబాయి తానే వినుకొండ నుంచి వెల్డింగు మనిషిని పిలిపించాడు. ఆ రోజు ఊళ్ళోనే ఉన్న బొల్లాపల్లి అమ్మాయి తర్వాత నాకు చెప్పింది. ఇనుప మూత పెట్టబోతుండగా బాబాయి ఒక్క నిమిషం ఆగమని, పైపు మీదికి వంగాడట. వెల్డింగు మనిషి బీడీ వెలిగించుకుని పక్కకి పోయాడు. ఆ బోరు దగ్గరికి ఎన్నడూ రాని పిన్ని ఆ రోజు గట్టు దిగి వచ్చి, ఆయన వెనక నిలబడింది. ఆయన లేచాక అడిగింది.

"ఏం చెప్పినవయ్యా దానికి?"

"నేనేం చెప్పలా" అన్నాడట బాబాయి. "విన్నా."

ఏం విన్నాడో పిన్ని అడగలేదు. నిప్పురవ్వలు కళ్ళల్లో పడతాయని ఆయన చేయి పట్టుకుని ఇవతలికి లాగింది. వెల్డింగు అయ్యేదాకా ఇద్దరూ గట్టు మీద నిలబడి, తర్వాత ఇంటికి నడిచారు. దారిలో ఆయన ఏదో మాట్లాడుతూనే ఉన్నాడట, పిన్ని వింటూనే ఉందట.